ప్రపంచ రెజ్లింగ్ ఛాంపియన్‌షిప్: మొదటి రౌండ్‌లో ఓడినా కాంస్యం ఎలా వస్తుంది? రెండో రోజు తూకం ఉండాల్సిందేనా?

కొత్త_వీక్షకుడు:
అందరికీ నమస్కారం. ఒలింపిక్స్ వచ్చినప్పుడు తప్ప రెజ్లింగ్ చూసే అలవాటు నాకు లేదు. ఈమధ్య ప్రపంచ ఛాంపియన్‌షిప్ పాత బౌట్లు వరసగా చూడటం మొదలుపెట్టాను. ఆట బాగా పట్టేసింది కానీ పద్ధతి బుర్రకెక్కడం లేదు. ఒకాయన తొలి బౌట్‌లోనే ఓడిపోతాడు, మర్నాడు చూస్తే మెడలో కాంస్యం. ఇంకొకాయన రెండు బౌట్లు గెలిచి మూడోది ఓడితే అంతే సంగతులు, మళ్లీ కనిపించడు. ఒకే విభాగంలో ఇద్దరికి కాంస్యం ఎందుకు? స్కోరు 9-9 అయినప్పుడు ఒకరి చెయ్యి ఎలా ఎత్తుతారు? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

మ్యాట్_చైర్మన్:
స్వాగతం అండీ. మీరు చూసిన దాని పేరు రెపిచేజ్. డ్రా రెండు సగాలుగా ఉంటుంది. ఒక్కో సగం నుంచి ఒకరు ఫైనల్‌కు వెళ్తారు. ఆ ఫైనలిస్టు చేతిలో ఓడినవాళ్లందరికీ రెండో అవకాశం దక్కుతుంది, వాళ్లకు మాత్రమే. తొలి రౌండ్‌లో ఓడినవాడు, తర్వాతి రౌండ్‌లో ఓడినవాడు ముందుగా తలపడతారు. గెలిచినవాడు పైకి వెళ్తూ చివరికి అదే సగంలో సెమీస్ ఓడిన రెజ్లర్‌తో కాంస్యం కోసం ఆడతాడు. సగానికి ఒకటి కాబట్టి రెండు కాంస్యాలు.

అందుకే ఎప్పుడు ఓడామన్నది కాదు, ఎవరి చేతిలో ఓడామన్నది ముఖ్యం. మిమ్మల్ని ఓడించినవాడు తర్వాతి రౌండ్‌లో తనూ ఓడిపోతే మీ దారి అక్కడితో మూసుకుపోయినట్టే. సెమీస్ అయ్యేదాకా ఓడినవాళ్లంతా తమను ఓడించినవాడే గెలవాలని కోరుకుంటూ కూర్చుంటారు.

మంచి ఉదాహరణ 2008 బీజింగ్ ఒలింపిక్స్, 66 కిలోలు. సుశీల్ కుమార్ తన మొదటి బౌట్‌లో ఉక్రెయిన్ రెజ్లర్ ఆండ్రీ స్టాడ్నిక్ చేతిలో ఓడాడు. స్టాడ్నిక్ ఫైనల్‌కు చేరడంతో సుశీల్‌కు తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత వరసగా మూడు బౌట్లు గెలిచి కాంస్యం పట్టాడు. రెండేళ్లకు 2010 మాస్కోలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

కొత్త_వీక్షకుడు:
ఇప్పుడు అర్థమైంది, ధన్యవాదాలు. కానీ స్టాడ్నిక్ సెమీస్‌లో ఓడి ఉంటే సుశీల్ అదే ఆటతో ఖాళీ చేతులతో వెళ్లేవాడు కదా? అది పూర్తిగా అదృష్టం మీద నడిచే వ్యవహారంలా లేదూ?

పాతపట్టు:
కొంత అదృష్టం ఉంది, కాదనను. కానీ పూర్వం పద్ధతి తెలిస్తే ఇదే నయమంటారు. ఒకప్పుడు బ్యాడ్ మార్కుల లెక్క ఉండేది. ఓడితే మార్కులు పడేవి సరే, చిత్తు చేయకుండా పాయింట్ల మీద గెలిచినా మార్కు పడేది. అవి ఒక హద్దు దాటితే బయటికి. చివరి దశకు ఎవరు మిగిలారో, ఎవరికి ఏ పతకమో చూసేవాళ్లకు కాగితం, పెన్ను ఉంటే తప్ప తెలిసేది కాదు. గెలిచినవాడు ముందుకు, ఓడినవాడు వెనక్కి అన్న ఇప్పటి పద్ధతిలో కనీసం ఆ గందరగోళం లేదు.

రెపిచేజ్ అవసరం ఎక్కడ తెలుస్తుందంటే 2018 బుడాపెస్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ చూడండి. 86 కిలోల్లో అమెరికా రెజ్లర్ డేవిడ్ టేలర్, ఇరాన్ రెజ్లర్ హసన్ యజ్దానీ తొలి రౌండ్‌లోనే ఎదురుపడ్డారు. యజ్దానీ అప్పటికే ఒలింపిక్ ఛాంపియన్, ముందటి ఏడాది ప్రపంచ ఛాంపియన్. ఫైనల్‌గా ఉండాల్సిన బౌట్ అది. టేలర్ 11-6తో గెలిచి చివరికి స్వర్ణం తీసుకున్నాడు. యజ్దానీ రెపిచేజ్ ద్వారా కాంస్యం తెచ్చుకున్నాడు. ఆ పద్ధతి లేకపోతే ప్రపంచంలో రెండో స్థానంలో ఉండాల్సినవాడు ఒక్క బౌట్‌తో పోయేవాడు.

అంకెల_వేట:
ఆ ఇద్దరి పోరు మొత్తం చూడండి కొత్త_వీక్షకుడు గారూ, రెజ్లింగ్ అంటే ఏమిటో తెలుస్తుంది. టోక్యో ఒలింపిక్స్ ఫైనల్‌లో బౌట్ ముగియడానికి 17 సెకన్ల ముందు టేలర్ టేక్‌డౌన్ చేసి 4-3తో గెలిచాడు. కొద్ది వారాలకే 2021 ఓస్లో ప్రపంచ ఫైనల్‌లో యజ్దానీ 6-2తో బదులు తీర్చుకున్నాడు. 2022 బెల్‌గ్రేడ్‌లో టేలర్ 7-1. 2023లో మళ్లీ బెల్‌గ్రేడ్‌లోనే టేలర్ యజ్దానీని చిత్తు చేశాడు. వరసగా నాలుగు పెద్ద ఫైనల్స్, అవే రెండు పేర్లు.

గ్రీకో_ప్రేమికుడు:
అందరూ ఫ్రీస్టైల్ (కాళ్లు కూడా పట్టుకోగల శైలి) దగ్గరే ఆగిపోతారు ఎందుకో. ప్రపంచ ఛాంపియన్‌షిప్ చరిత్ర మొదలైందే గ్రీకో-రోమన్‌తో, 1904 వియన్నాలో. ఫ్రీస్టైల్ ప్రపంచ పోటీ 1951 హెల్సింకీలో గానీ రాలేదు. మహిళలకైతే 1987 నార్వే దాకా ఆగాల్సి వచ్చింది.

గ్రీకోలో నడుము కింద పట్టు పట్టకూడదు, కాళ్లతో దాడి చేయకూడదు. దాంతో ఆట అంతా ఛాతీకి ఛాతీ, చంకల కింద చేతులు, మెడ, నడుము. చూసేవాళ్లకు తోసుకుంటున్నట్టే కనిపిస్తుంది. ఆ తోపులాటలోనే ఎవరి చెయ్యి లోపలికి దూరుతోందో, ఎవరి నడుము నిటారుగా లేస్తోందో గమనించండి. అది కుదిరిన క్షణంలో మనిషి గాల్లోకి లేస్తాడు.

రష్యా రెజ్లర్ అలెగ్జాండర్ కరెలిన్ బౌట్లు వెతికి చూడండి. 9 ప్రపంచ టైటిళ్లు, 3 ఒలింపిక్ స్వర్ణాలు. 130 కిలోల ప్రత్యర్థి మ్యాట్‌కు అతుక్కుని బోర్లా పడుకుంటే, నడుము చుట్టూ చేతులు వేసి తలకిందులుగా ఎత్తి వెనక్కి విసిరేవాడు. ఆ ఎత్తు తప్పించుకోవడానికి కొందరు ముందే వెల్లకిలా పడిపోయేవాళ్లట.

పాతపట్టు:
ఆ కరెలిన్ ఓడింది కూడా ఒక్క పాయింట్ తేడాతో. 2000 సిడ్నీ ఒలింపిక్ ఫైనల్, అమెరికా రెజ్లర్ రూలన్ గార్డ్‌నర్ చేతిలో, 1-0. అప్పుడు రెండో భాగం మొదట్లో ఇద్దరూ ఒకరినొకరు చుట్టుకుని పట్టుకోవాలి, ముందు చేతులు విడిపోయినవాడు పాయింట్ కోల్పోతాడు. కరెలిన్ వేళ్లు క్షణకాలం విడిపోయాయి. అప్పటికి 13 ఏళ్లుగా అంతర్జాతీయ పోటీల్లో అతనికి ఓటమి లేదు.

గ్రీకో_ప్రేమికుడు:
ఆ బౌట్ ఎన్నిసార్లు చూసినా బాధే. గార్డ్‌నర్‌ను తక్కువ చేయను, మిగతా సమయమంతా ఆ బలాన్ని తట్టుకుని నిలబడ్డాడు. కానీ ఒక మల్లయోధుడి కథ పట్టుతో ముగియాలి గానీ వేళ్లు జారడంతో కాదు. ఆ నిబంధన తర్వాత పోయింది, మంచిదే అయింది.

కొత్త_వీక్షకుడు:
9-9 సంగతి ఎవరూ చెప్పలేదు.

మ్యాట్_చైర్మన్:
చెప్తాను. ముందు పాయింట్లు ఎలా వస్తాయో చూద్దాం. ప్రత్యర్థిని కింద పడేసి వెనకనుంచి అదుపులోకి తీసుకుంటే టేక్‌డౌన్, 2 పాయింట్లు. వీపు మ్యాట్ వైపు తిప్పితే 2. నిలబడి ఉన్నవాడిని నేరుగా వీపు మీద పడేలా విసిరితే 4, ఎత్తుగా గాల్లోంచి తిప్పి విసిరితే 5. వలయం బయటికి నెడితే 1. కింద ఉన్నవాడు తిరగబడి పైకి వస్తే 1. రెండు భుజాలూ మ్యాట్‌కు ఆనిస్తే స్కోరు ఎంతున్నా బౌట్ అక్కడే ముగుస్తుంది. ఫ్రీస్టైల్‌లో 10 పాయింట్లు, గ్రీకోలో 8 పాయింట్లు తేడా వచ్చినా ముగుస్తుంది.

స్కోరు సమమైతే మూడు మెట్లు చూస్తారు. ఎవరు ఎక్కువ విలువైన పట్టు వేశారు? అది కూడా సమమైతే ఎవరికి హెచ్చరికలు తక్కువ? అదీ సమమైతే చివరి పాయింట్ ఎవరిది?

2019 నూర్‌సుల్తాన్‌లో బజరంగ్ పునియా సెమీస్ 9-9తో ముగిసింది మీరు చూసిన బౌట్ అనుకుంటా. కజకిస్తాన్ రెజ్లర్ దౌలత్ నియాజ్‌బెకోవ్ ఒక 4 పాయింట్ల పట్టు వేశాడు, బజరంగ్ అంత పెద్దది వేయలేదు. అందుకే నియాజ్‌బెకోవ్ ఫైనల్‌కు వెళ్లాడు. రెఫరీ తీర్పుల మీద ఆ రోజు గట్టి వాదనలే నడిచాయి, అది వేరే సంగతి.

నీలి_సింగ్లెట్:
నేను కొన్నేళ్లు ఆడాను, పెద్ద స్థాయిలో కాదు. మ్యాట్ మీద ఉన్నవాడికి ఈ మూడు మెట్లు ఎప్పుడూ తలలో తిరుగుతూనే ఉంటాయి. 2-2 ఉన్నప్పుడు గోడ మీద స్కోరులో ఎవరి అంకె కింద గీత ఉందో చూస్తాం. గీత ఉన్నవాడు గెలుస్తున్నట్టు. గీత లేనివాడు ఆఖరి 30 సెకన్లలో ఎలాగైనా ముందుకు దూకాలి. టెన్షన్ అంతా ఆ గీతలోనే ఉంటుంది. టీవీలో చూసేటప్పుడు కూడా అది గమనించండి, బౌట్ అర్థమయ్యే తీరే మారిపోతుంది.

కాంస్యం_కూడా_గెలుపే:
దీనికి అన్నిటికంటే గొప్ప ఉదాహరణ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫొగాట్, జపాన్ రెజ్లర్ యుయి సుసాకీ బౌట్. సుసాకీ టోక్యో ఒలింపిక్ ఛాంపియన్, విదేశీ రెజ్లర్ చేతిలో అప్పటిదాకా ఓడిందే లేదు. దూకుడు చూపలేదని వినేశ్ రెండుసార్లు ఒక్కో పాయింట్ ఇచ్చుకుంది, 0-2. తొందరపడి కాళ్ల మీదికి వెళ్తే సుసాకీ తిప్పేస్తుందని తెలుసు, అందుకే ఆ రెండు పాయింట్లూ పోనిచ్చి కాచుకుని ఉంది. ఆఖరి సెకన్లలో టేక్‌డౌన్. 2-2. సుసాకీవి ఒంటి పాయింట్లు, వినేశ్‌ది 2 పాయింట్ల పట్టు, కాబట్టి ఆధిక్యం వినేశ్‌దే. జపాన్ కోచ్‌లు సవాలు చేశారు, వీడియో చూసి తోసిపుచ్చారు. విఫలమైన సవాలుకు ప్రత్యర్థికి ఒక పాయింట్ వెళ్తుంది. 3-2.

ఆ రోజే మరో రెండు బౌట్లు గెలిచి ఫైనల్‌కు చేరింది. మర్నాడు పొద్దున ఏమైందో అందరికీ తెలుసు. తూకంలో 100 గ్రాములు ఎక్కువ ఉందని తొలగించారు. ఇప్పటికీ మింగుడు పడదు నాకు. మూడు బౌట్లూ నిబంధనల ప్రకారం 50 కిలోల్లోపు తూగి గెలిచినవే కదా? వాటిని కూడా ఎలా తుడిచేస్తారు?

కొత్త_వీక్షకుడు:
ఇది నేనూ అడగాలనుకున్నా. రజతం కూడా ఇవ్వకుండా చివరి స్థానం ఎందుకు ఇచ్చారు?

మ్యాట్_చైర్మన్:
నిబంధన పుస్తకంలో ఉన్నది చెప్తాను. 2018 నుంచి ఒక్కో విభాగం రెండు రోజులు జరుగుతుంది. మొదటి రోజు సెమీస్ వరకు, రెండో రోజు రెపిచేజ్, కాంస్య పోరులు, ఫైనల్. రెండు రోజులూ పొద్దున తూకం ఉంటుంది. మొదటి రోజు అరగంట, రెండో రోజు 15 నిమిషాలు. ఆ సమయంలో ఎన్నిసార్లైనా తూగవచ్చు. కొన్ని టోర్నీల్లో 2 కిలోల వెసులుబాటు ఇస్తారు గానీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, ఒలింపిక్స్‌లో గ్రాము కూడా లేదు. ఏ రోజు తూకం తప్పినా పోటీ నుంచి తొలగించి చివరి స్థానంలో పెడతారు. మొదటి రోజు బౌట్‌లో గాయపడినవాళ్లకు మాత్రం రెండో తూకం నుంచి మినహాయింపు ఉంది.

వినేశ్ చేతిలో సెమీస్ ఓడిన క్యూబా రెజ్లర్ యుస్నెలిస్ గుజ్మన్ ఫైనల్ ఆడింది, అమెరికా రెజ్లర్ సారా హిల్డెబ్రాంట్ స్వర్ణం గెలిచింది. సుసాకీకి కాంస్యం. క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం వినేశ్ అప్పీలును కొట్టేసింది. తప్పుడు పని ఏదీ చేయని క్రీడాకారిణికి ఈ ఫలితం మరీ కఠినమని ఆ తీర్పులోనే ఉంది. కానీ నిబంధనను మార్చే అధికారం మధ్యవర్తికి లేదు.

పాతపట్టు:
బాధ నాకూ ఉంది. కానీ ఆ రెండో తూకం ఎందుకు పెట్టారో కూడా చెప్పుకోవాలి. 2018కి ముందు తూకం ముందురోజు సాయంత్రం జరిగేది, పోటీ మొత్తం మర్నాడు ఒక్క రోజులో ముగిసేది. ఏం చేసేవాళ్లంటే, తూకం కోసం ఒంట్లో నీరంతా పిండేసి, తూగాక రాత్రంతా తాగి తిని, పొద్దుటికి విభాగం కంటే చాలా ఎక్కువ బరువుతో మ్యాట్ ఎక్కేవాళ్లు. 57 కిలోల విభాగం అన్నమాటే గానీ అక్కడ ఆ బరువున్నవాళ్లు ఉండేవాళ్లు కాదు. నిజంగా 57 ఉన్నవాడు వాళ్ల మధ్య నలిగిపోయేవాడు. పోటీ పొద్దునే తూకం, మర్నాడు మళ్లీ తూకం అంటే ఆ ఆటలు సాగవు. ఆ ఉద్దేశం సరైనదే.

ఫిజియో_డెస్క్:
ఉద్దేశం సరే, ఒంట్లో జరిగేది వేరు. నేను ఈ రంగంలో పనిచేస్తాను కాబట్టి వివరంగా రాస్తున్నా.

బరువు తగ్గించడం రెండు రకాలు. వారాల తరబడి ఆహారం సర్దుకుని కొవ్వు తగ్గించుకోవడం ఒకటి, అది ఆరోగ్యానికి పెద్ద ముప్పు కాదు. చివరి రెండు మూడు రోజుల్లో నీరు తీసేయడం రెండోది. ఉప్పు, పిండి పదార్థాలు మానేస్తారు. కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ ఒక్కో గ్రాము దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, అది తగ్గితే నీరూ పోతుంది. ఆ తర్వాత ఆవిరి గది, మందపాటి దుస్తుల్లో పరుగు, ఆఖర్న ఉమ్మి కూడా.

తూకం అయ్యాక మొదటి బౌట్‌కు మధ్య కొద్ది గంటలే. ఆ కాస్త వ్యవధిలో నీరు తాగాలి, తినాలి, లేకపోతే బౌట్‌లో కాళ్లు పట్టేస్తాయి. మూడు బౌట్లు ఆడాక ఒళ్లు ఇంకా ఎక్కువ అడుగుతుంది. ఎండిపోయిన శరీరం నీరు దొరకగానే పట్టేసుకుంటుంది, తొందరగా వదలదు. అందుకే మొదటి రోజు తగ్గిన బరువు రెండో రోజు అంత తేలిగ్గా తగ్గదు. అప్పటికే చెమట పట్టని స్థితికి వచ్చిన మనిషిని రాత్రంతా పరుగెత్తిస్తే ఇక తీయడానికి నీరే ఉండదు. రక్తం చిక్కబడుతుంది, గుండె మీద భారం పడుతుంది, ఒంటి వేడి అదుపు తప్పుతుంది.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 1997 చివర్లో అమెరికాలో కొద్ది వారాల తేడాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు బరువు తగ్గించుకుంటూ చనిపోయారు. దాంతో అక్కడి కాలేజీ పోటీల్లో రబ్బరు సూట్లు, ఆవిరి గదులు నిషేధించారు. సీజన్ మొదట్లోనే మూత్ర పరీక్షతో ఒంట్లో నీరు సరిగ్గా ఉందని చూసి, కొవ్వు కొలిచి, ఎవరు ఏ విభాగం దాకా దిగవచ్చో ఖాయం చేయడం మొదలుపెట్టారు. అంతర్జాతీయ స్థాయిలో కావాల్సింది అది. పోటీకి నెలల ముందే హద్దు గీయండి. చివరి రాత్రి 100 గ్రాముల దగ్గర కాదు.

కాంస్యం_కూడా_గెలుపే:
ఫిజియో గారూ, మీరు రాసింది చదివాక ఆ రాత్రి ఆమె ఎంత అవస్థ పడిందో ఇంకా బాగా అర్థమైంది. జుట్టు కూడా కత్తిరించారు ఆఖరికి.

అంకెల_వేట:
ఒలింపిక్స్‌లో విభాగాలు తక్కువ కావడం కూడా దీనికి పెద్ద కారణం. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఒక్కో శైలిలో 10 విభాగాలు, ఒలింపిక్స్‌లో 6. పురుషుల ఫ్రీస్టైల్‌లో ప్రపంచ పోటీలో 57, 61, 65 ఉంటాయి. ఒలింపిక్స్‌కు వచ్చేసరికి 61 ఉండదు. సహజంగా 61 దగ్గర ఉన్నవాడు 57కు దిగాలి, లేదా 65లో పెద్దవాళ్లతో తలపడాలి.

వినేశ్ అంతకుముందు 53లో ఆడేది. 2023 బెల్‌గ్రేడ్‌లో అంతిమ్ పంఘాల్ కాంస్యంతో 53 కిలోల్లో ఒలింపిక్ కోటా (దేశానికి దక్కే స్థానం) తెచ్చింది. ఒక దేశానికి ఒక విభాగంలో ఒక్కరే. అందుకే వినేశ్ 50కి దిగింది.

నీలి_సింగ్లెట్:
బరువు తప్పడం గొప్పవాళ్లకూ జరుగుతుంది. జపాన్ రెజ్లర్ రెయ్ హిగుచి 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం గెలిచాడు, 2021లో ఆసియా ఒలింపిక్ అర్హత పోటీలో 50 గ్రాములు ఎక్కువ తూగి బయటికి వెళ్లిపోయాడు. సొంత దేశంలో జరిగిన ఒలింపిక్స్‌కు ఆడలేకపోయాడు. మూడేళ్లు ఆగి పారిస్‌లో 57 కిలోల స్వర్ణం గెలిచాడు. సెమీస్‌లో అతని చేతిలో ఓడిన అమన్ సెహ్రావత్ కాంస్యం తెచ్చుకున్నాడు. అదే అమన్ 2025 జాగ్రెబ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 1.7 కిలోలు ఎక్కువ ఉండటంతో ఒక్క బౌట్ కూడా ఆడలేదు.

ఆడినవాడిగా చెప్తున్నా, తూకం యంత్రం దగ్గర నిలబడేటప్పుడు ఉండే భయం బౌట్‌లో ఉండదు. బౌట్‌లో కనీసం ఏదో ఒకటి చేయొచ్చు.

పాతపట్టు:
హిగుచిది మొదటి తూకం, అమన్‌ది కూడా. అవి తప్పితే ఆడనివ్వకపోవడంలో ఎవరికీ అభ్యంతరం లేదు. గొడవ రెండో రోజుదే. ఆ తూకం తీసేస్తే మొదటి రోజు తూగాక రాత్రంతా తినేసి ఫైనల్‌కు నాలుగు కిలోలు ఎక్కువతో వస్తారు. నిజాయితీగా బరువు నిలుపుకున్న ప్రత్యర్థికి అన్యాయం. కాబట్టి తూకం ఉండాలి.

కాంస్యం_కూడా_గెలుపే:
తూకం ఉండనివ్వండి అన్నా, నేను కాదనడం లేదు. తప్పితే ఫైనల్ ఆడనివ్వకండి, స్వర్ణం ఎదుటివాళ్లకు ఇవ్వండి. కానీ మొదటి రోజు సరైన బరువుతో సంపాదించినది వాళ్లకే ఉండాలి. గాయపడినవాడికి మొదటి రోజు ఫలితం ఉంచుతున్నప్పుడు, బరువు తప్పినవాళ్లకు ఎందుకు ఉంచరు?

పాతపట్టు:
అలా చేస్తే రేపు ఫైనల్‌కు చేరగానే రజతం ఖాయమని తూకాన్ని పట్టించుకోనివాళ్లు వస్తారు.

ఫిజియో_డెస్క్:
రానివ్వండి. ఫైనల్ వదులుకుని రజతంతో సరిపెట్టుకోవాలని ఏ రెజ్లర్ అనుకుంటాడు? పైగా గాయం మినహాయింపు ఉంచి, తూకం తప్పితే అన్నీ పోతాయంటే నిజంగా బరువు తగ్గక ప్రమాదంలో ఉన్నవాళ్లు ఆగకుండా రాత్రంతా ఒంటిని పిండుకుంటారు. ఓటమిని ఒప్పుకుని నీళ్లు తాగే దారి వాళ్లకు ఉండాలి. నా మాట ఇంతే: రెండో తూకం ఉంచండి, దాని శిక్ష ఆ రోజుకే పరిమితం చేయండి.

మ్యాట్_చైర్మన్:
నియమాలు అమలు చేసేవాడిగా చెప్పాలంటే ఫిజియో గారి మాటే నాకూ నచ్చింది. అమలు చేయడం కూడా కష్టం కాదు. ఇప్పుడు కూడా ఫైనలిస్టు తప్పుకుంటే ఆ స్థానంలోకి ఎవరు రావాలో పద్ధతి ఉంది. గుజ్మన్‌ను అలాగే తెచ్చారు. మార్చాల్సింది తప్పుకున్నవారి స్థానం ఒక్కటే.

గ్రీకో_ప్రేమికుడు:
నియమాలు మారవనుకోకండి. 2013 గుర్తు తెచ్చుకోండి. ఆ ఏడాది ఫిబ్రవరిలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ కార్యవర్గం 2020 ఒలింపిక్స్ నుంచి రెజ్లింగ్‌ను తీసేయాలని సిఫారసు చేసింది. ప్రాచీన ఒలింపిక్స్‌లో ఉన్న ఆటను! అప్పటి ఆట కూడా చూసేవాళ్లకు అంతుపట్టేది కాదు. రెండేసి నిమిషాల మూడు భాగాలు, రెండు గెలిస్తే చాలు. మొత్తం పాయింట్లు ఎక్కువ సాధించినవాడు కూడా ఓడిపోవచ్చు. ఫ్రీస్టైల్‌లో ఒక భాగం 0-0తో ముగిస్తే సంచిలోంచి బంతి తీసేవాళ్లు. ఎవరి రంగు బంతి వస్తే వాళ్లకు ప్రత్యర్థి కాలు చేతికిచ్చి మొదలుపెట్టించేవాళ్లు. నాలుగేళ్ల కష్టం ఒక బంతి చేతిలో.

సిఫారసు రాగానే అంతర్జాతీయ రెజ్లింగ్ సమాఖ్య అధ్యక్షుడు రఫాయెల్ మార్టినెట్టి తప్పుకున్నాడు, నెనాద్ లాలోవిచ్ వచ్చాడు. మే నెలలోనే నియమాలు మార్చారు. మూడేసి నిమిషాల రెండు భాగాలు, పాయింట్లన్నీ కలిపి లెక్క, బంతి మాయం, టేక్‌డౌన్‌కు 1 బదులు 2. సెప్టెంబర్‌లో బ్యూనస్ ఎయిర్స్ ఓటింగ్‌లో 49 ఓట్లతో రెజ్లింగ్ తిరిగి చేరింది. ఎనిమిది నెలల్లోపే ఇదంతా. తలచుకుంటే ఈ తూకం శిక్షను మార్చడానికి ఎంతసేపు?

పాతపట్టు:
ఇది మాత్రం కాదనలేను. శిక్ష ఆ రోజుకే పరిమితం చేస్తే, తూకం ఉంచితే, నాకూ అభ్యంతరం లేదు.

అంకెల_వేట:
కొత్త_వీక్షకుడు గారూ, వ్యక్తిగత పతకాలు చూస్తూ చాలామంది జట్టు టైటిల్‌ను మర్చిపోతారు. ఇప్పటి లెక్కలో స్వర్ణానికి 25, రజతానికి 20, కాంస్యానికి 15, ఐదో స్థానానికి 10 పాయింట్లు జట్టు ఖాతాలో పడతాయి. అందుకే రెపిచేజ్‌లో ఎవరూ పట్టించుకోని చిన్న బౌట్ కూడా ఎక్కడో ఒక దేశానికి కీలకం.

2017 పారిస్ ఫ్రీస్టైల్ చూడండి. అప్పటి లెక్క వేరు, కానీ ఉత్కంఠ అదే. అమెరికా, రష్యాల జట్టు టైటిల్ ఒక్క ఫైనల్ మీదికి వచ్చింది. 97 కిలోలు, అమెరికా తరఫున కైల్ స్నైడర్, రష్యా తరఫున అబ్దుల్‌రషీద్ సదులాయెవ్, ఇద్దరూ రియో ఒలింపిక్ ఛాంపియన్లే. స్నైడర్ ఆఖరి క్షణాల టేక్‌డౌన్‌తో 6-5 గెలిచాడు, అమెరికా 54-53తో జట్టు టైటిల్ పట్టింది. 1995 తర్వాత వాళ్లకు అదే మొదటిది. మరుసటి ఏడాది బుడాపెస్ట్‌లో సదులాయెవ్ స్నైడర్‌ను చిత్తు చేసి లెక్క సరిచేశాడు.

కొత్త_వీక్షకుడు:
ఈ చర్చతోనే నాకు చూడాల్సిన బౌట్ల జాబితా తయారైంది, అందరికీ ధన్యవాదాలు. మహిళల వైపు ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?

కాంస్యం_కూడా_గెలుపే:
జపాన్ రెజ్లర్లు సావోరి యోషిదా, కవోరి ఇచో. యోషిదాకు 13 ప్రపంచ టైటిళ్లు, 3 ఒలింపిక్ స్వర్ణాలు. ఇచోకు 10 ప్రపంచ టైటిళ్లు, 4 ఒలింపిక్ స్వర్ణాలు. యోషిదా దూరం నుంచి దూసుకొచ్చి కాళ్లు అందుకునే వేగం చూడండి. ఆ తర్వాత రియో ఫైనల్‌లో అమెరికా రెజ్లర్ హెలెన్ మరూలిస్ ఆ వేగాన్ని ఎలా ఆపిందో చూడండి, చేతులు పట్టుకుని దూరం తగ్గించి దూకే చోటే లేకుండా చేసింది. 4-1.

ఇంకొకటి, 2019 నూర్‌సుల్తాన్‌లో వినేశ్ రెపిచేజ్. జపాన్ రెజ్లర్ మయు ముకైదా చేతిలో ఓడింది, ముకైదా ఫైనల్‌కు వెళ్లింది. అక్కడి నుంచి వినేశ్ గెలుస్తూ వచ్చి కాంస్యం తీసుకుంది. దారిలో ఓడించింది ఎవరినో తెలుసా? సారా హిల్డెబ్రాంట్‌ను. ఆ గెలుపుతోనే టోక్యో కోటా వచ్చింది.

కొత్త_వీక్షకుడు:
రెపిచేజ్ గెలిస్తే కోటా కూడా వస్తుందా? పతకం రాకపోయినా?

మ్యాట్_చైర్మన్:
ఆ ఏడాది వచ్చేది. 2019లో విభాగానికి మొదటి 6 స్థానాలకు కోటా ఇచ్చారు, అంటే కాంస్య పోరులో ఓడినా సరిపోయేది. 2023లో 5కి తగ్గించారు. నలుగురు పతక విజేతలకు నేరుగా, కాంస్య పోరుల్లో ఓడిన ఇద్దరి మధ్య అయిదో కోటా కోసం ఇంకో బౌట్. ఆ బౌట్‌లో పతకం ఉండదు, ఒలింపిక్స్ మాత్రం ఉంటుంది. 2023 బెల్‌గ్రేడ్ వీడియోల్లో ఆ కోటా బౌట్లు వెతకండి, కాంస్య పోరుల కంటే హోరాహోరీగా ఉంటాయి.